డిఫాల్ట్ మారితే ఎవరి అక్షరం తెగుతుంది?

2025 ఆగస్టు 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్‌కు కొత్త యాప్ పంపాలన్నా, ఉన్న యాప్‌కు అప్‌డేట్ ఇవ్వాలన్నా అది ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకుని తయారై ఉండాలి. అదనపు గడువు కోరినవారికి నవంబరు 1 వరకు వెసులుబాటు ఇచ్చారు. ఇలాంటి గడువు దాదాపు ఏటా వచ్చేదే. డెవలపర్లు విసుక్కుంటూనే నంబరు మార్చి, ఏదైనా ఆగిపోతే బాగుచేసుకుని ముందుకు పోతారు. వార్త కావాల్సినంత విషయం అందులో మామూలుగా ఉండదు.

ఈసారి మాత్రం మార్పుల జాబితాలో తెలుగు పేరుపెట్టి రాసిన ఒక అంశం ఉంది. ఆండ్రాయిడ్‌లో తెరమీద రాత చూపించే టెక్స్ట్‌వ్యూ అనే భాగానికి 'ఎలిగెంట్ టెక్స్ట్ హైట్' అని ఒక స్విచ్ ఉంది. 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చింది. అది ఆఫ్‌లో ఉంటే కొన్ని లిపులకు ఎత్తు కుదించిన ఫాంటు వాడతారు, ఆన్‌లో ఉంటే అక్షరం తన సహజమైన ఎత్తులో కనిపిస్తుంది. పదేళ్లపాటు డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో డిఫాల్ట్‌గా ఆన్ అయింది. ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకుంటే ఆ స్విచ్‌ను ఇక పట్టించుకోరు, వెనక్కి తిప్పే వీలే లేదు. మార్పు వర్తించే లిపులు అరబిక్, లావో, మయన్మార్, తమిళం, గుజరాతీ, కన్నడ, మలయాళం, ఒడియా, తెలుగు, థాయ్.

ఎత్తు కుదించిన ఫాంటు ఎందుకు పుట్టిందో చూస్తే అసలు కథ తెలుస్తుంది. రోమన్ అక్షరానికి సరిపోయే ఎత్తులో బటన్లు, మెనూలు, పెట్టెలు గీశారు. తెలుగు అక్షరానికి పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తులు, కొన్నిసార్లు ఒత్తు కింద ఒత్తు. పెట్టెలో పట్టదు. పెట్టెను మార్చాలంటే ప్రపంచంలోని యాప్‌లన్నీ మారాలి. కాబట్టి అక్షరాన్నే నొక్కి పెట్టెలో కుక్కారు. లేఅవుట్లు చెదిరిపోకుండా ఉండేందుకే అలా చేశామని గూగుల్ పత్రాలే చెబుతున్నాయి. ఆండ్రాయిడ్ 13 వచ్చేసరికి వరుస ఎత్తు భాషను బట్టి సాగే ఏర్పాటు జరిగింది. ఆ పునాది పడ్డాకే ఇప్పుడు డిఫాల్ట్‌ను తిప్పారు.

అంటే ఈ మార్పు తెలుగువారికి న్యాయమే చేసింది. ప్రమాదం కూడా తెలుగువారికే తెచ్చింది. ఎత్తును ఇన్ని పాయింట్లని గట్టిగా కట్టేసిన బటన్ ఉన్న యాప్‌ను, ఎవరూ తెలుగులో తెరిచి చూడకుండా కొత్త వెర్షన్‌కు మార్చి విడుదల చేస్తే, 'చెల్లించండి' అన్న బటన్ మీద ఒత్తులు తెగిపోయి కనిపించవచ్చు. ఇంగ్లీష్‌లో పరీక్షించిన వ్యక్తికి అంతా సవ్యంగానే ఉంటుంది. యాప్ కూలిపోదు, ఎర్రర్ నమోదు కాదు. కంపెనీకి ఫిర్యాదు చేరాలంటే ఒక తెలుగు వినియోగదారు ఓపిగ్గా రాయాలి. మనలో ఎంతమంది రాస్తారు? భాషను ఇంగ్లీష్‌కు మార్చుకుని పని కానిచ్చేస్తాం.

ఎవరూ ఎంచుకోని ఎంపిక

డిఫాల్ట్ అంటే మీరేమీ చెప్పకపోతే యంత్రం తనంతట తాను అనుకునేది. ప్రోగ్రామర్ ఫైలు తెరిచేటప్పుడు అందులోని రాత ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పకపోతే భాషే ఏదో ఒకటి అనుకుంటుంది. పట్టిక తయారుచేసేటప్పుడు పేర్లను ఏ క్రమంలో పేర్చాలో చెప్పకపోతే డేటాబేసే నిర్ణయిస్తుంది. ఇలాంటి పనులను ఏ ప్రోగ్రామరూ మొదటినుంచి రాసుకోడు. ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలను వాడుకుంటాడు. ఆ లైబ్రరీ మరో లైబ్రరీ మీద, అది ఇంకొకదాని మీద ఆధారపడి ఉంటాయి. అట్టడుగున ఒకచోట ఎవరో ఒక డిఫాల్ట్ మార్చితే, పైన కొన్ని లక్షల ప్రోగ్రాములలో ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోకుండానే ప్రవర్తన మారిపోతుంది.

అడుగున ఉన్న ఒక్క భాగం ఎంత బరువు మోస్తుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం మన లిపి ద్వారానే తెలుసుకుంది. ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 వాడుతున్నవారికి 'జ్ఞా'తో, దాని మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కూడిన సందేశం వస్తే యాప్‌లు కూలిపోయాయి. వాట్సాప్, మెసేజెస్ అని తేడా లేదు. ఎందుకంటే రాత గీసే పని అన్నిటికీ కోర్‌టెక్స్ట్ అనే ఒకే భాగం చేసిపెడుతుంది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. అప్పట్లో చాలామంది దాన్ని 'తెలుగు బగ్' అన్నారు. తప్పు లిపిది కాదు, లిపిని చదవలేకపోయిన కోడ్‌ది. అయినా పేరు మాత్రం మనకే అంటింది.

కూలిపోవడం ఒక రకంగా మేలు. అందరికీ కనిపిస్తుంది, వారంలో మందు దొరుకుతుంది. ఇక్కడ చెప్పదలచినవి కూలిపోని రకాలు.

'స్త్రీ'లో ఎన్ని అక్షరాలు?

ఒకటో తరగతి పిల్లను అడిగితే ఒకటే అంటుంది. కంప్యూటర్‌ను అడిగితే, ఎవరిని ఎలా అడిగారన్నదాన్ని బట్టి నాలుగు జవాబులు వస్తాయి. యూటీఎఫ్-8లో బైట్లు లెక్కపెడితే 18. యూనికోడ్ సంకేతాలు లెక్కపెడితే 6: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. చదివేవారి కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్కను యూనికోడ్ వారు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. ఆ లెక్కన 2023 వరకు జవాబు 3. పొల్లు దగ్గర తెగ్గొట్టి స్, త్, రీ అని చదివేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చారు. పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదన్నారు. ఇప్పుడు జవాబు 1. పిల్ల చెప్పినదే కంప్యూటర్ కూడా చెబుతోంది.

ఈ నియమం అప్పుడు వర్తింపజేసిన లిపులు ఆరు: బెంగాలీ, దేవనాగరి, గుజరాతీ, మలయాళం, ఒడియా, తెలుగు. కన్నడ ఆ జాబితాలో లేదు. 'విద్య' అన్న మాట తెలుగులో రాస్తే 15.1 లెక్కన రెండు అక్షరాలు, అదే మాట కన్నడ లిపిలో రాస్తే మూడు. పక్కపక్క రాష్ట్రాలు, అక్కచెల్లెళ్లలాంటి లిపులు, ఒకే యాప్ వాడే జనం. బళ్లారిలోనో రాయచూరులోనో ఒకే ఫారంలో రెండు లిపుల పేర్లు నింపించే ప్రోగ్రామర్‌కు ఇది తలనొప్పే.

తెలుగుకు ఈ మార్పు సరైనదే, సందేహం లేదు. అయితే ఆచరణలో దాని అర్థమేమిటి? ఈ లెక్కలు చేసిపెట్టే ఐసీయూ అనే లైబ్రరీ 74వ వెర్షన్‌లో, జావా 22లో కొత్త యూనికోడ్ వచ్చింది. పీహెచ్‌పీలో గ్రాఫీములు లెక్కపెట్టే ఫంక్షన్ కూడా ఆ యంత్రంలో ఏ ఐసీయూ ఉంటే దాని మాటే చెబుతుంది. ఒకే సంస్థలో రెండు సర్వర్లున్నాయనుకుందాం, ఒకదానిలో పాతది, ఇంకోదానిలో కొత్తది. పేరు 20 అక్షరాలు దాటకూడదన్న నిబంధన ఉంటే ఒకే పేరును ఒక సర్వర్ ఒప్పుకుంటుంది, రెండోది తిప్పికొడుతుంది. పేరులో మొదటి అక్షరం మాత్రం చూపించి మిగతావి చుక్కలు పెట్టే చోట నిన్నటిదాకా 'స్' కనిపించేది, ఇవాళ 'స్త్రీ' మొత్తం బయటపడుతుంది. దరఖాస్తు చేసేనాడు తీసుకున్న ముక్కను, ఇవాళ తీసిన ముక్కను పోల్చి చూసే ప్రోగ్రాం ఇద్దరూ వేర్వేరు మనుషులని తేల్చవచ్చు.

మన లిపిలోనే ఇంకో చిన్న చిక్కు ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అనే రెండు సంకేతాలుగా. చూపుకు తేడా లేదు, నియమం ప్రకారం రెండూ సమానమే. 'శైలజ' అన్న పేరు అలా రెండు రూపాల్లో నిల్వ ఉండగలదు. ఆపిల్ వారి పాత ఫైల్ వ్యవస్థ ఫైలు పేర్లను విడదీసి దాచుకునేది. 2017లో వచ్చిన కొత్తది ఎలా ఇచ్చినదాన్ని అలాగే దాచుకుంటుంది. పోల్చే ముందు రెంటినీ ఒక రూపానికి తెచ్చుకోవాలన్న సంగతి తెలిసిన లైబ్రరీకి ఇబ్బంది లేదు. తెలియని లైబ్రరీకి శైలజ ఫైలు కళ్లెదుటే ఉన్నా దొరకదు.

స్వీడన్ క్రమంలో తెలుగు

మైఎస్‌క్యూఎల్ ప్రపంచంలో బాగా వాడుకలో ఉన్న డేటాబేసుల్లో ఒకటి. అది పుట్టింది స్వీడన్‌లో. అందుకే 2018 వరకు దాని డిఫాల్ట్ లాటిన్-1 అనే పశ్చిమ యూరప్ అక్షరాల పట్టిక, అందులోనూ పేర్లను పేర్చేది స్వీడిష్ నిఘంటు క్రమంలో. ప్రోగ్రామర్ ప్రత్యేకంగా ఏమీ చెప్పకుండా కట్టిన తెలుగు వెబ్‌సైట్లన్నిటిలో మన మాటలు స్వీడిష్ నియమాల కిందే బతికాయి. 2018 ఏప్రిల్‌లో వచ్చిన 8.0 వెర్షన్‌లో డిఫాల్ట్ పూర్తి యూనికోడ్‌కు మారింది.

లాటిన్-1 పట్టికలో తెలుగు ఎలా పట్టింది? దొడ్డిదారిన. ఒక్కో తెలుగు సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. పంపేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ 'ఇది లాటిన్' అని అబద్ధమాడితే డేటాబేస్ ఆ మూడు బైట్లను మూడు యూరప్ అక్షరాలుగా దాచి, అడిగినప్పుడు అలాగే తిరిగి ఇచ్చేసేది. తెరమీద చక్కటి తెలుగే కనిపించేది. ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పినంతకాలం బండి నడిచింది. ఏదో ఒకనాడు ఒక వైపు లైబ్రరీ కొత్తదై 'నేను యూనికోడ్' అని నిజం చెప్పగానే డేటాబేస్ తన దగ్గరున్న యూరప్ అక్షరాలను బుద్ధిగా యూనికోడ్‌లోకి మార్చి ఇస్తుంది. ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి కొమ్ములు, చుక్కలు మొలిచిన రోమన్ అక్షరాలు తెరనిండా పరుచుకుంటాయి. పాత తెలుగు బ్లాగులు వెతికినవారికి ఆ దృశ్యం పరిచయమే. అది కంగారులో మళ్లీ సేవ్ అయితే పాడైన రూపమే నిల్వవుతుంది.

కొలతలోనూ అంతే. 30 బైట్ల పేరు గడిలో ఇంగ్లీష్ పేరు హాయిగా పడుతుంది. 'రామచంద్రయ్య' అన్న పేరుకు 11 సంకేతాలు, 33 బైట్లు. పాత డిఫాల్ట్‌లో డేటాబేస్ దాన్ని 30 దగ్గర కోసి ఊరుకునేది. 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి కఠిన పద్ధతి డిఫాల్ట్ అయింది, కోయకుండా ఎర్రర్ ఇస్తుంది. నా దృష్టిలో ఆ ఎర్రరే నయం. కాకపోతే అర్ధరాత్రి నడిచే పాత ప్రోగ్రాం ఆ ఎర్రర్‌ను ఎదురుచూడకపోతే రామచంద్రయ్య తర్వాతి పేర్లేవీ ఎక్కకుండా పని మధ్యలో ఆగిపోవచ్చు.

8.0లో మారిన ఇంకో సంగతి పైకి చాలా చిన్నది. పాత పోలిక పద్ధతుల్లో మాట చివరి ఖాళీని లెక్కచేసేవారు కాదు. కొత్త డిఫాల్ట్ లెక్కచేస్తుంది. మీసేవ లాంటి కౌంటరులో హడావుడిగా టైప్ చేసేవారి వేలు పేరు చివర స్పేస్‌బార్ మీద పడటం ఎంత మామూలో చెప్పనక్కరలేదు. పాత పట్టికలో 'లక్ష్మమ్మ', చివర ఖాళీ ఉన్న 'లక్ష్మమ్మ' ఒకరే. కొత్త డిఫాల్ట్‌తో కట్టిన పట్టికలో ఇద్దరు. పాత పట్టికలు మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోతాయి, అప్‌గ్రేడ్ వాటిని తాకదు. పాత పట్టికనూ కొత్త పట్టికనూ కలిపి అడిగితే డేటాబేస్ పొసగదని మొరాయిస్తుంది. మొరాయించిన చోట భయం లేదు, ఎవరో ఒకరు చూస్తారు. ఎర్రర్ రాకుండా 'ఈ పేరుతో ఎవరూ లేరు' అని జవాబు వచ్చిన చోట లక్ష్మమ్మ తిరిగి ఇంటికి పోతుంది.

ఇంటి నంబరు కథ

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.28. లినక్స్ యంత్రాలలో దాదాపు ప్రతి ప్రోగ్రాం వాడుకునే మూల లైబ్రరీ అది. మాటలను ఏ క్రమంలో పేర్చాలన్న పట్టికలను ఆ వెర్షన్‌లో అంతర్జాతీయ ప్రమాణానికి తగినట్టు మార్చారు. మంచి పనే. ఫలితం ఎలా ఉంటుందో చూపడానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వారు ఇచ్చే పరీక్ష చాలా సరళం. 1-1, 11 అనే రెంటిని అమెరికన్ ఇంగ్లీష్ లొకేల్‌లో క్రమంలో పెట్టమనండి. పాత గ్లిబ్‌సీలో 11 ముందు వస్తుంది, 1-1 తర్వాత. కొత్తదానిలో 1-1 ముందు. పాతది అడ్డగీతను మొదటి చూపులో పట్టించుకునేది కాదు, కొత్తది పట్టించుకుంటుంది.

వరుస తారుమారైతే కొంపేం మునిగిందనిపించవచ్చు. కానీ డేటాబేస్‌లో ఇండెక్స్ అనేది వరుస మీదే నిలబడింది. నిఘంటువులో మాట వెతికినట్టే ఉంటుంది: మధ్యలో తెరిచి, నాకు కావలసింది ముందుందా వెనకుందా అని చూసి సగం పుటలు వదిలేస్తారు. పాత క్రమంలో కట్టిన నిఘంటువును కొత్త క్రమం తెలిసినవాడు తెరిస్తే తప్పు సగాన్ని వదిలేస్తాడు. మాట పుస్తకంలో ఉంటుంది, అతనికి మాత్రం దొరకదు. లేదనుకుని మళ్లీ రాస్తాడు. 'ఒక్కటే ఉండాలి' అని నియమం పెట్టిన గడిలోకి రెండోది చేరిపోతుంది.

ఇక మన ఊళ్ల ఇంటి నంబర్లు గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా, వార్డు, బ్లాకు, ఇల్లు అని అడ్డగీతలు లేని చిరునామా ఉందా? పెట్టిన ఉదాహరణ అమెరికాది కావచ్చు, అచ్చుగుద్దినట్టు సరిపోయేది మాత్రం మనకు. ఆస్తి పన్ను, నల్లా కనెక్షన్, ఓటరు జాబితా, కరెంటు మీటరు వంటి వాటిలో ఇంటి నంబరు ఉండే చోటల్లా ఈ అడ్డగీతలు ఉంటాయి. ఫలానా కార్యాలయంలో ఇలా జరిగిందని నేను అనడం లేదు. జరిగితే బయటపడే తీరు వేరుగా ఉంటుందని మాత్రం అంటున్నాను. 'సాంకేతిక లోపం' అని బోర్డు పెట్టరు. 'మీ ఇల్లు రికార్డుల్లో లేదు' అంటారు.

ఇది పాత కథ అనుకోవడానికి లేదు. రెడ్ హ్యాట్ లినక్స్ 7, దాని ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 7లకు సాధారణ మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. వాటిలో ఉన్నది గ్లిబ్‌సీ 2.17. తర్వాతి వెర్షన్ 8లో ఉన్నది 2.28. అంటే 7 నుంచి 8కి గానీ ఆపైకి గానీ డేటాబేస్ ఫైళ్లను ఉన్నవున్నట్టు మోసుకుపోయిన ప్రతివారూ ఈ గీత దాటారు. మందు కష్టమేమీ కాదు: పాఠ్యం మీద కట్టిన ఇండెక్సులన్నిటినీ తిరిగి కట్టాలి. కట్టాలని తెలియాలి, అంతే. క్రమం మారిందని డేటాబేస్ స్థాయిలో హెచ్చరించే ఏర్పాటు పోస్ట్‌గ్రెస్‌లో 2022 నాటి 15వ వెర్షన్‌తో వచ్చింది. 2024లో 17వ వెర్షన్ ఇంకో అడుగు వేసి, బయటి లైబ్రరీ మీద ఆధారపడని సొంత క్రమాన్ని అందించింది. పక్కవాడి డిఫాల్ట్‌ను నమ్ముకుని కాల్చుకున్నవారు చివరికి చేసే పని అదే.

ఒక సన్నని ఖాళీ

ఇంగ్లీష్‌వారికి దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో కూడా చూడాలి. దేశదేశాల తేదీలు, సమయాలు ఎలా రాస్తారో సేకరించి ఇచ్చే సీఎల్‌డీఆర్ అనే భాండాగారం ఉంది. 2022 అక్టోబరులో వచ్చిన 42వ వెర్షన్‌లో ఇంగ్లీష్ సమయానికి, ఏఎం-పీఎం అక్షరాలకు మధ్య ఉండే మామూలు ఖాళీ తీసేసి, విడిపోని సన్నని ఖాళీ పెట్టారు. ముద్రణ అందం దృష్ట్యా అదే సరైనదట. కంటికి తేడా తెలియదు. ఆ సమయాన్ని తిరిగి చదవాల్సిన ప్రోగ్రాములకు మాత్రం తెలిసింది, చదవలేమన్నాయి. సైట్లు చెదిరేసరికి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2023లో మామూలు ఖాళీనే తిరిగి పెట్టుకున్నాయి. జావా మాత్రం 20వ వెర్షన్ నుంచి కొత్త ఖాళీనే ఉంచింది, ఏ ఖాళీ అయినా సర్దుకుని చదివే గుణాన్ని 23లో చేర్చింది.

దీనికి తమ్ముడిలాంటిది ఇంకోటి. జావా 16 నుంచి బ్రిటిష్ ఇంగ్లీష్‌లో సెప్టెంబరు పొట్టి పేరు మూడక్షరాల 'సెప్' నుంచి నాలుగక్షరాల 'సెప్ట్' అయింది. ప్రోగ్రాం పదకొండు నెలలు నిక్షేపంగా పనిచేసి సెప్టెంబరు ఒకటిన పడకేస్తుంది. డాట్‌నెట్ 5 విండోస్‌లో కూడా ఐసీయూకు మారినప్పుడు, రెండు గుర్తులతో రాసిన లైను ముగింపులో రెండో గుర్తును వెతికితే 'లేదు' అని జవాబు వచ్చింది. నిన్నటిదాకా ఉంది.

గమనించాల్సింది ఒకటుంది. ఇంగ్లీష్ ఖాళీ చెదిరితే బ్రౌజర్లు వెంటనే వెనక్కి తగ్గాయి. ఎందుకంటే ఫిర్యాదు చేసినవారూ, సరిచేయగలవారూ ఒకే ఊళ్లో ఉన్నారు. తెలుగు ఒత్తు తెగితే, కన్నడ లెక్క తప్పితే ఆ దూరం చాలా ఎక్కువ.

మార్చకపోతే?

అలాగని పాత డిఫాల్ట్‌ను పట్టుకు వేలాడమనే వాదాన్ని నేను ఒప్పుకోను. పాత డిఫాల్ట్‌లన్నీ ఇంగ్లీష్‌వారికో యూరప్‌వారికో కుదిరినవి. జావాలో రాసిన ప్రోగ్రాం 2022 మార్చిలో 18వ వెర్షన్ వచ్చేదాకా యంత్రాన్ని బట్టి ఎన్‌కోడింగ్ ఎంచుకునేది. లినక్స్‌లో చక్కగా చదివిన తెలుగు ఫైలు విండోస్‌లో చెత్తగా కనిపించేది. ప్రతి వరుసలో 'యూటీఎఫ్-8' అని చెప్పుకోవాల్సిన అదనపు చాకిరీ తెలుగు, హిందీ, బెంగాలీ రాసేవారిదే. ఇంగ్లీష్ రాసేవాడికి ఏ డిఫాల్ట్ అయినా ఒకటే.

మార్పును వాయిదా వేస్తూ పోతే ఏమవుతుందో పొరుగున ఉన్న మయన్మార్ చూపించింది. అక్కడ జాగ్యీ అనే ఫాంటు యూనికోడ్‌కు కేటాయించిన గదుల్లోనే వేరే అక్షరాలను కూర్చోబెట్టింది. ఫోన్లు దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకుని అమ్ముడయ్యాయి. దేశంలో అత్యధికులు దానికే అలవాటుపడ్డారు. 2019 అక్టోబరు 1ని ప్రభుత్వం యూనికోడ్‌కు మారే రోజుగా ప్రకటించింది. అప్పటికే పోగుపడిన రాతలో ఏది జాగ్యీ, ఏది యూనికోడ్ అని సంకేతాలు చూసి కచ్చితంగా చెప్పలేని పరిస్థితి. గూగుల్, ఫేస్‌బుక్ లాంటివి సంభావ్యత లెక్కలతో ఊహించే సాధనాలు తయారుచేసుకోవాల్సి వచ్చింది. రెండు మూడు అక్షరాల మాటైతే ఆ ఊహ తప్పవచ్చు. అను ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి తెచ్చి ప్రూఫులు దిద్దినవారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి అడగాల్సింది మార్చాలా వద్దా అని కాదు, ఎలా మార్చారన్నది. పైథాన్ ఈ విషయంలో ఒకసారి చేతులు కాల్చుకుంది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 మాటలన్నిటినీ యూనికోడ్‌గా చేసి పాతదానితో తెగతెంపులు చేసుకుంది. పైథాన్ 2ను సాగనంపడానికి 2020 జనవరి 1 దాకా పట్టింది. ఆ అనుభవం వల్లేనేమో, ఫైళ్ల డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ విషయంలో నిదానంగా నడుస్తోంది. 2018లో 3.7తో ఇష్టమైనవారు యూటీఎఫ్-8ను ఎంచుకునే వీలు, 2021లో 3.10తో కోరినవారికి 'ఇక్కడ ఎన్‌కోడింగ్ చెప్పలేదు' అన్న హెచ్చరిక, 3.15తో డిఫాల్ట్. ముందు దారి, తర్వాత గంట, ఆ తర్వాత మలుపు. జావా, డాట్‌నెట్ కూడా పాత ప్రవర్తనకు తిరిగిపోయే స్విచ్‌లు ఇచ్చాయి. వాటిమీద ఇల్లు కట్టుకోకూడదు. 2017లో జావా 9 తేదీల పట్టికను మార్చినప్పుడు ఇచ్చిన అలాంటి స్విచ్‌ను 23లో తీసేశారు.

మన ప్రభుత్వాల సంగతి. భారతీయ భాషలకు యూనికోడ్ 5.1ను, తర్వాత వచ్చే మెరుగులతో సహా, ఈ-గవర్నెన్స్ ప్రమాణంగా కేంద్రం 2009 నవంబరులో ప్రకటించింది. 'తర్వాత వచ్చే మెరుగులతో సహా' అన్నచోటే ఉంది పేచీ. ప్రమాణం దానంతటదే కదులుతుంది, 15.1లో అక్షరాల లెక్క మారితే మన ప్రమాణమూ మారినట్టే. సాఫ్ట్‌వేర్ మాత్రం టెండరు పిలిచిన ఏడాది దగ్గర ఆగిపోతుంది. నిర్వహణ ఒప్పందాల్లో అప్‌గ్రేడ్ చేశాక తెలుగు పేర్లతో, అడ్డగీతల ఇంటి నంబర్లతో వెతికి చూడాలన్న షరతు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వంద పేర్ల జాబితా చాలు. అందులో స్త్రీ, శైలజ, రామచంద్రయ్య, చివర ఖాళీ ఉన్న ఒక లక్ష్మమ్మ ఉండాలి. యూనికోడ్ ప్రతి కొత్త వెర్షన్‌కు ముందు ముసాయిదాను బహిరంగ పరిశీలనకు పెడుతుంది, ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయంలోనో, రెండు రాష్ట్రాల ఐటీ శాఖల్లోనో దాన్ని చదివి జవాబు రాయడం ఒకరి ఉద్యోగంగా ఉండాలి. ఎవరో ఒక ఉత్సాహి సెలవురోజు కూర్చుని చేసే పనిగా మిగలకూడదు.

దగ్గర్లోని తేదీలు రెండు. మైఎస్‌క్యూఎల్ 8.0కు ఒరాకిల్ పెట్టిన మద్దతు గడువు 2026 ఏప్రిల్. పైథాన్ 3.15కు నిర్ణయించిన నెల 2026 అక్టోబరు. ఈ రెంటిలో ఏదో ఒకటి మీ కార్యాలయంలో ఉంటే, అందులోని తెలుగు పేర్ల పట్టికను ఎవరు, ఏ డిఫాల్ట్ మీద కట్టారో అడిగి తెలుసుకోవడానికి ఇంకా మనుషులు అందుబాటులో ఉన్నారేమో చూడండి. చాలాచోట్ల కట్టినవారు ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్లిపోయి ఉంటారు.